సిట్కాలో ట్లింగిట్ గాలాలు, గరిటెలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ ఉండాలి

అలాస్కా వెళ్లి, వంశ చిహ్నాలు చెక్కిన టోటెమ్ స్తంభాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. సిట్కాలో ఒక్క పూటే ఉంటే మాత్రం, అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ల చేతిపని చూడటానికి ముందు షెల్డన్ జాక్సన్ మ్యూజియానికి వెళ్లండి. 1890ల నాటి ఎనిమిది పలకల చిన్న కాంక్రీటు భవనం అది. అద్దాల బల్లల కింద సొరుగులు ఉంటాయి, మనమే లాగి చూసుకోవచ్చు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది హాలిబట్ చేపల గాలాల దగ్గర. జానెడు పైచిలుకు పొడవున్న రెండు కర్రలను వి ఆకారంలో పెట్టి, స్ప్రూస్ చెట్టు వేళ్లతో బిగించి కట్టారు. ఒకటి తేలికైన ఎల్లో సెడార్, రెండోది బరువైన కలప. అందుకే గాలం సముద్రం అడుగుకి కాస్త పైన ఒడుపుగా నిలుస్తుంది. చిన్న చేప నోటికి ముల్లు అందదు, మరీ పెద్ద చేప నోరు ఆ సందులో పట్టదు. పడవలోకి లాగగలిగినదే పడుతుంది. ఇంత లెక్క చూసుకున్నాక కూడా కింది కర్ర మీద ఓ బొమ్మ చెక్కారు. నీళ్లలో అది అడుగువైపే తిరిగి ఉంటుంది, అంటే చూసేది చేప ఒక్కటే! అయినా గీత ఎక్కడా తేలిపోలేదు.

కొండమేక కొమ్ము గరిటెలూ అంతే. కొమ్ముని వేడికి మెత్తబరిచి వంచుతారు. విందుల్లో వాడే ఈ గరిటెల నల్లటి పిడి మీద వంశ చిహ్నాలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. ఆ చిహ్నాల మీద హక్కు ఆ వంశానిదే.

అలాస్కా రాజధాని జూనోలో 2016లో తెరిచిన స్టేట్ మ్యూజియం పెద్దది, వివరణలు బాగున్నాయి. కానీ క్రూయిజ్ షిప్పులు వచ్చిన రోజు జనం తోసేస్తారు. వస్తువుని తీరిగ్గా చూడాలంటే నా ఓటు సిట్కాకే.

రెండు ఊళ్లకీ మధ్య రోడ్డు లేదు, విమానమో ఫెర్రీయో పట్టుకోవాలి. ఫెర్రీలు రోజూ ఉండవు కాబట్టి ముందు వాటి టైమింగ్స్ చూసుకుని, తర్వాతే రూమ్ బుక్ చేయండి. సిట్కాలో మేం దిగిన మొదటి హోటల్ వాళ్లు చెప్పిన షటిల్ రానేలేదు, వానలో సామాన్లతో టెన్షన్ పడ్డాం. తర్వాత ఊరి మధ్యలో చిన్న వంటగది ఉన్న గదికి మారాం. అద్దె కాస్త ఎక్కువైనా మ్యూజియం, టోటెమ్ పార్కు నడిచి వెళ్లేంత దూరం. శాకాహారులకి అన్నం, చారు వండుకునే వీలు ఉండటం పెద్ద ఊరట.

ఇలాంటి వస్తువులు కొనేటప్పుడు సిల్వర్ హ్యాండ్ ముద్ర ఉందో లేదో చూడండి. అలాస్కా ఆదివాసీ కళాకారులు చేసిన వస్తువుకే అది వేస్తారు. ధర ఎక్కువనిపిస్తే చిన్న చెంచా ఒక్కటే కొనుక్కోండి, పోత పోసిన నకిలీల జోలికి వెళ్లకండి.