38 వేల కిలోమీటర్లు, మూడు చైన్లు: ఎక్స్‌పల్స్‌తో నా లెక్క

2020లో కొన్న నా హీరో ఎక్స్‌పల్స్ 200 బైకు ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో దాదాపు సగం వికారాబాద్ వైపు మట్టిదారుల్లోనే. అనంతగిరి దగ్గర ఎర్రమట్టి, తాండూరు దాకా పోతే నల్లరేగడి. ప్రస్తుతం మూడో చైన్ నడుస్తోంది. మొదటిది వయసైపోయి పోయింది, రెండోదాన్ని నేనే చంపుకున్నాను.

రైడ్‌లో కలిసిన కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని వేలకి మార్చాలన్నా?" అని. ఆ ప్రశ్నకి జవాబు లేదు. నా మొదటి చైన్ 15 వేలు వచ్చింది, రెండోది 4 వేలకే పోయింది. బండి అదే, నడిపింది నేనే.

మొదటి చైన్ చివరి రోజుల్లో నాకు తెలియకుండానే ఒక సూచన ఇచ్చింది. అంతవరకూ వెయ్యి కిలోమీటర్లకో సారి బిగిస్తే సరిపోయేది. తర్వాత ప్రతి ఆదివారం రైడ్ అయ్యాక మళ్ళీ వదులే. ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్నే. బిగించిన ప్రతిసారీ ఫోన్‌లో రీడింగ్ రాసిపెట్టుకుంటా. ఆ రెండు రీడింగుల మధ్య దూరం గబగబా తగ్గుతోందంటే చైన్ పని అయిపోవచ్చినట్టే.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుప పలకలు సాగవు. లోపల లింకుల్ని కలిపే పిన్నూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్షూ రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి వదులు, అన్నీ కలిస్తే కంటికి కనబడేంత పొడవు. పిన్నుల పక్కన ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే ఆ కీలు లోపల ఎండిపోయిందని అర్థం. చక్రం తిప్పుతుంటే ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వేలాడుతూ ఉంటే ఇక ఎంత ఆయిల్ పోసినా లాభం లేదు.

ఇక నా తప్పు. చైన్ తిరిగే పళ్ళ చక్రాల్ని స్ప్రాకెట్లంటారు, ముందొకటి, వెనకొకటి. మొదటి చైన్ మార్చేటప్పుడు మెకానిక్, "స్ప్రాకెట్లు బాగానే ఉన్నాయి సార్, చైన్ ఒక్కటి వేద్దాం" అన్నాడు. వెనకది చూశా, పళ్ళు బాగానే అనిపించాయి. డబ్బు మిగులుతుందని సరేనన్నా. ముందుదాని కవర్ ఆయనా విప్పలేదు, నేనూ విప్పమనలేదు. రెండు మూడు నెలలకే యాక్సిలరేటర్ ఇస్తే టకటక కొట్టడం మొదలైంది. అప్పుడు కవర్ తీస్తే లోపల గట్టిపడిన బురద ముద్ద, దాని కింద కొడవలి కొనల్లా ఒకవైపుకి వాలిపోయిన 13 పళ్ళు. వెనకదానికి దాదాపు మూడింతల పళ్ళుంటాయి. వెనక చక్రం ఒకసారి తిరిగేలోపు ముందుది దాదాపు మూడుసార్లు తిరుగుతుంది, అది ముందే అరగడంలో వింతేముంది! ఆ అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ సరిగ్గా కూర్చోక అదీ వాటితోపాటే పాడైంది. మిగిలిందనుకున్న డబ్బుకి ఇంకో చైన్ ఖర్చు తోడైంది.

వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేళ్ళతో వెనక్కి లాగి, సగం పన్ను బయటపడితే మార్చాలి అంటారు. పరీక్ష మంచిదే, కానీ పళ్ళ మధ్య బురద ఉంటే మోసపోతాం. నేను టేపు పట్టుకుంటా. చైన్ మీద 428 అనో 520 అనో సైజు నంబర్ కొట్టి ఉంటుంది. కొత్తదానికి ఇరవై లింకుల పొడవు, అంటే మొదటి పిన్ను మధ్య నుంచి ఇరవై ఒకటో పిన్ను మధ్యకి, 428 అయితే 254 మిల్లీమీటర్లు, 520 అయితే 317.5. కింది వైపు చైన్‌ని లాగిపెట్టి, చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. ఒక శాతం పెరిగితే నేను కొత్త సెట్, అంటే చైనూ రెండు స్ప్రాకెట్లూ, కొని ఇంట్లో పెట్టుకుంటా, రెండు శాతం దాకా ఆగను. మీ మాన్యువల్లో హద్దు ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

అందంగా ఉంటుందని చైన్ బాగా బిగించేవాళ్ళున్నారు. మట్టిబండికి సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువ. గుంతలో దిగినప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటుంది. దానికి సరిపడా వదులు లేకపోతే చైన్‌తోపాటు గేర్‌బాక్స్ బేరింగూ నలిగిపోతుంది. నేనూ మొదట్లో ఇలాగే చేశా.

మూడోసారి సెట్ మొత్తం మార్చి, ఓ-రింగ్ చైన్ వేయించా, అంటే కీళ్ళలో గ్రీజు బయటికి పోకుండా రబ్బరు రింగులుండేది. వాటర్ వాష్ గన్ దాని దగ్గరికి రానివ్వను. కిరోసిన్, మెత్తని బ్రష్, ఆరాక 90 నంబర్ గేర్ ఆయిల్, తర్వాత గుడ్డతో గట్టిగా తుడవడం, అంతే. ఈ చైన్ 11 వేలు నడిచాక ముందు స్ప్రాకెట్ ఒక్కటి మార్చా. చైన్ బాగుండగానే మార్చాను కాబట్టి ఆ చిన్న ఖర్చు బాగా కలిసొచ్చింది. ఇప్పుడు 19 వేలు నడిచి, టేపు లెక్కలో ఒక శాతం దాటింది. కొత్త సెట్ అటక మీద ఉంది. రేగడి బురదలోకి కొత్త చైన్‌తో దిగడం ఎందుకు, ఈ వానలు పాతదానితోనే గడిపి దసరా తర్వాత వేస్తా.