రాళ్ల కొనా, బ్రేక్‌వాటరా, ఇసుక తీరమా? కలక నీళ్లలో డైవ్‌కి ఏది మేలు?

నీళ్లు ఏడాదంతా కలకగానే ఉండే తీరంలో చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఒడ్డున నిలబడి నీళ్ల రంగు చూసి స్పాట్ డిసైడ్ చేసేయడం. రంగు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, అడుగున ఉన్న రాయి మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే నేను ముందు చార్ట్ (సముద్రం లోతులు చూపే మ్యాప్) తీసి లోతు గీతలు ఒడ్డుకి ఎక్కడ దగ్గరగా వచ్చాయో, అక్కడ అడుగు రాయా బురదా అన్నది చూస్తా.

ఇసుక తీరం గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు. దిగడం సుఖం, అంతే. ఎంత దూరం ఈదినా లోతు రాదు, పైన అల విరిగితే కింద అంతా లేస్తుంది. ఇసుక నిమిషాల్లో దిగిపోతుంది గానీ ఒండ్రుకి గంటలు, సన్న బంకమట్టికి రోజులు పడుతుంది. పక్కనే నది కలిస్తే ఇంక వదిలేయండి.

రాళ్ల కొన అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుట్ట చివర. లోతు త్వరగా వస్తుంది, నీటి ప్రవాహం ఉండడం వల్ల రాయి మీద బురద నిలవదు, బాగున్న రోజున దీనికి సాటి లేదు. చిక్కేంటంటే అలల బలమంతా వంగి వచ్చి సరిగ్గా ఆ ముక్కు మీదే పడుతుంది, కాబట్టి అల రాని పక్కన దిగాలి. ఫోర్‌కాస్ట్‌లో ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి, పీరియడ్ కూడా చూడాలి, అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. లోతు నీళ్లలో 5 సెకన్ల అల పొడవు సుమారు 39 మీటర్లు, 10 సెకన్లదైతే 156, కదలిక అందులో సగం లోతు దాకా పోతుంది, అంటే చిన్నగా కనపడే పొడుగు అలే అడుగుని ఎక్కువ కెలుకుతుంది.

బ్రేక్‌వాటర్ అంటే హార్బర్‌లోకి అలలు రాకుండా సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్టు. చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే. కానీ రాళ్ల సందుల్లో పీతలు, రొయ్యలు, బుల్లి చేపలు దండిగా ఉంటాయి, వాటికోసం మూతి దగ్గర పెట్టి చూస్తాం కాబట్టి రెండు మీటర్లు కనపడినా చాలు. దారి తప్పే భయం కూడా తక్కువ, వెళ్లేటప్పుడు రాళ్లు కుడిచేతి వైపు ఉంటే వచ్చేటప్పుడు ఎడమ వైపు. హార్బర్ లోపలి వైపు బురద పేరుకుంటుంది, బయటి వైపే మేలు. తెగిన గాలపు తీగలు మాత్రం విపరీతం, కట్టర్ లేకుండా దిగొద్దు, పడవల దారికి దూరంగా ఉండి, మీరున్న చోటు పైవాళ్లకి తెలిసేలా నీళ్ల మీద తేలే బోయా లాక్కెళ్లండి. కొన్ని హార్బర్లలో అసలు దిగనివ్వరు, ముందే అడగాలి.

ఎక్కడైనా టైం మాత్రం ఒకటే, పోటు నిండి నీళ్లు ఆగే వేళ, అదీ పోట్లు చిన్నగా ఉండే రోజుల్లో, అప్పుడు బయటి తేట నీళ్లు ఒడ్డు దాకా వచ్చి ఉంటాయి. సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలు ఫ్రీగా దొరుకుతాయి, సుమారు 5 రోజులకోసారి వస్తాయి, ఒక ఏడాదివి వరసగా చూస్తే గోధుమరంగు నీళ్లు ఏ మలుపు దగ్గర ఒడ్డు వదిలి పక్కకి పోతున్నాయో తెలిసిపోతుంది.

నా లెక్కలో నెలకి ఒకటి రెండు ప్రశాంతమైన రోజులకి రాళ్ల కొన, మిగతా రోజులన్నిటికీ బ్రేక్‌వాటర్. టార్చ్ సన్నటి బీమ్‌దే తీసుకుని పక్కకి చాచి పట్టుకోండి, వెడల్పు లైటైతే బురద రేణువులన్నీ మెరిసి కళ్లకి తెల్లటి గోడే కనపడుతుంది. నీళ్లు అస్సలు బాలేని రోజున నేను దిగను, రాళ్ల మీద కూర్చుని అల ఎక్కడ విరుగుతోందో, బయటికి ఎటు నుంచి ఎక్కొచ్చో చూసుకుని వచ్చేస్తా.