ఆదివారం ఆరాధనా, ఇంటి కూడికా?

గుంటూరు అంటే లూథరన్ మిషనరీ హేయర్ 1842లో వచ్చి పని మొదలుపెట్టిన ఊరు, అందుకే ఇక్కడి పాత చర్చిల్లో ఆదివారం ఆరాధనకు ఒక పద్ధతి ఉంటుంది: పాపపు ఒప్పుకోలు, వాక్య పఠనం, విశ్వాస ప్రమాణం, కానుక, ఆశీర్వాదం. ప్రసంగం సాగదీసినా ఆ క్రమం మనల్ని నడిపించేస్తుంది, అది నాకిష్టం. సంఘమంతా కలిసి ప్రభువు బల్ల దగ్గర (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోట) మోకరించేదీ అక్కడే. కానీ వెనక బెంచీవాళ్ల కష్టం ముందు బెంచీకి తెలియదు, ‘వందనాలండీ’ అనేసి బండి తీస్తారు.

ఇంటి కూడిక అలా కాదు. బ్రాడీపేటలో ఎవరింట్లోనో హాల్లో చాపలు పరిచి, కంజీర, తాళాలతోనే పాడేస్తారు (శ్రుతి గురించి అడక్కండి). తర్వాత ప్రార్థన మనవులు. ఒకమ్మాయికి ఇంటర్ పరీక్షల టెన్షన్, ఇంకొకాయనకి మిర్చి యార్డులో రేటు రాక అప్పులు, అందరికీ పేరుపేరునా ప్రార్థించి, మర్నాడు ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు. చిక్కేంటంటే ఆ మనవులే ఒక్కోసారి వీధిలో కబుర్లైపోతాయి.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లయితే ముందు కూడికకే వెళ్లమంటాను. బాప్తిస్మానికో పెళ్లికో చర్చి రిజిస్టర్‌లో పేరు కావాలంటే అది మెల్లగా చూసుకోవచ్చు.