ఈజిప్టు దేవతల ‘చేతి పెయింటింగ్’ కొంటున్నారా? ముందు పక్కనుంచి టార్చి వేసి చూడండి

హాల్లో సోఫా వెనక గోడకని ఈజిప్టు పురాణాల ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు కాస్త ఆగండి. నక్క ముఖపు దేవుడు అనూబిస్ నల్లటి తల, ముదురు నీలం మీద బంగారు రేకు, మధ్యలో డేగ తల దేవుడు హోరస్ కన్ను. కింద ‘ఒరిజినల్, చేత్తో వేసింది, 24 క్యారట్ గోల్డ్ లీఫ్’ అని రాసి, ధర కూడా ఒరిజినల్‌దే పెడుతున్నారు. పెట్టె విప్పితే వచ్చేది కాన్వాసు మీద ఇంక్‌జెట్ ప్రింటు. దానిమీద బ్రష్‌తో పూసిన రంగులేని జెల్, అక్కడక్కడ ఇత్తడి రేకు. ప్రింటు అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. చెప్పకుండా అమ్మడమే మోసం.

జెల్ ఎందుకు పూస్తారంటే, చేత్తో తడిమితే గరుకుగా తగలాలని. ఇది పట్టుకోవడం తేలికే. గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చిని బొమ్మకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. నిజంగా రంగుతో వేసినదైతే గట్టు ఎక్కడ లేస్తుందో రంగు కూడా అక్కడే మారుతుంది. నీలం మీదికి నలుపు ఎక్కినచోట నలుపు అంచు కొంచెం పైకి లేచి ఉంటుంది. ప్రింటులో జెల్ గీతలు ఒక దారిన, రంగులు ఇంకో దారిన పోతాయి. అనూబిస్ చెవి అంచు దగ్గర ఆగాల్సిన గీత, చెవినీ వెనకున్న ఆకాశాన్నీ కలిపి ఒకే ఊపులో దాటేస్తుంది. అది కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టండి. లేత రంగున్నచోట సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి.

ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి రుద్దితే తెలిసిపోతుందని చాలామంది సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అసలైన ఆక్రిలిక్ రంగు కూడా ఆల్కహాల్‌కు మెత్తబడి ఊడి వస్తుంది. తేలేదేమీ ఉండదు, పైగా మంచి బొమ్మ పాడవుతుంది.

ఇక బంగారం సంగతి. బంగారు రేకు అతికించే తంజావూరు పెయింటింగులు కొన్నవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. అసలు బంగారు రేకు సాధారణంగా 8 సెంటీమీటర్ల చదరంగా వస్తుంది. నకిలీది రాగి, జింకు కలిపిన ఇత్తడి రేకు, అది 14 సెంటీమీటర్ల చదరం. రేకు మీద రేకు ఎక్కినచోట సన్నటి అతుకు గీత పడుతుంది. రెండు గీతల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 14 దగ్గరికి వస్తే అది ఇత్తడే. 90 × 60 సెంటీమీటర్ల కాన్వాసులో సగం బంగారమే అంటే, అసలు రేకులు 42కు పైగా పట్టాలి. ఆ లెక్క వేసి, చెప్పిన ధరకు అది కుదిరే పనేనా అని అమ్మేవాళ్లనే అడగండి. పైన వార్నిష్ సరిగ్గా వేయకపోతే ఇత్తడి రేకు చేతి చెమటకే గోధుమరంగుకు తిరిగి, తర్వాత ఆకుపచ్చ మచ్చలు వేస్తుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా త్వరగా. 24 క్యారట్ బంగారం అలా నల్లబడదు.

బొమ్మలో విషయం కూడా చూడండి. ‘ఆబ్‌స్ట్రాక్ట్ కదా’ అని ఏ తప్పునైనా దాటేస్తున్నారు. తెలిసి వంచిన గీతకూ తెలియక చెడిన గీతకూ తేడా ఉంటుంది. హోరస్ కంటి కింద రెండు గీతలుంటాయి: ఒకటి నిలువుగా జారేది, ఇంకోటి వెనక్కి వెళ్లి మెలిక తిరిగేది. డేగ ముఖం మీది చారలవి. చనిపోయినవాడి గుండెను తూచే త్రాసు కూడా ఈ బొమ్మల్లో వస్తుంటుంది. బ్రిటిష్ మ్యూజియంలోని హునెఫెర్ పపైరస్‌లో (ప్రాచీన ఈజిప్టు రాతచుట్ట) అది చూడండి: ఒక తట్టలో గుండె, రెండోదానిలో సత్యానికీ న్యాయానికీ దేవత అయిన మాట్ ఈక. ఏఐ గీసిన బొమ్మల్లో రెండు తట్టల్లోనూ ఈకలే ఉండొచ్చు. పక్కన నింపిన చిత్రలిపి మరీ అన్యాయం. అసలు రాతలో ఒక వరుసలోని పక్షులూ మనుషులూ మామూలుగా ఒకేవైపు, వరుస మొదలయ్యే వైపు చూస్తారు. ఇక్కడ గుడ్లగూబ ఎడమకు, రాబందు కుడికి చూస్తుంటాయి.

బొమ్మ అసలైనదే అయినా ప్యాకింగ్‌లో చెడగొడుతున్నారు. చుట్టి పంపేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి, గొట్టం వెడల్పు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. సన్నటి గొట్టంలో రంగు లోపలికి పెట్టి బిగిస్తే మందంగా పూసినచోట్ల పగుళ్లొస్తాయి. బబుల్ ర్యాప్ నేరుగా రంగుకు తగలకూడదు. ఎండాకాలం పార్సిల్ వ్యానులో ఆక్రిలిక్ మెత్తబడి, బుడగల గుండ్రటి అచ్చులు బొమ్మంతా పడతాయి. అవి మళ్లీ పోవు.

డబ్బు కట్టేముందే మూడు వీడియోలు అడగండి: పక్క వెలుతురులో ముందు భాగం, కాన్వాసు మడిచిన అంచులు, వెనక వైపు. ‘మిక్స్‌డ్ మీడియా’, ‘హ్యాండ్ ఎంబెలిష్డ్’, ‘జిక్లీ’ (ఇంక్‌జెట్ ప్రింటుకే ఇంకో పేరు) అనే మాటలుంటే అడుగున ప్రింటు ఉందా అని సూటిగా రాసి అడిగి, జవాబు రాతలోనే తీసుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా మొదటినుంచీ వీడియో తీయండి, గొట్టం పారేయకండి. టార్చి పరీక్ష ఆ రోజే చేయండి, గోడకు మేకు కొట్టేది ఆ తర్వాతే. తేడా ఉంటే రిటర్న్ గడువులోపే ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆర్డర్ పేజీలో ‘ఒరిజినల్’ అని రాసి ఉన్న స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్లాక ఆ మాటను పేజీలోంచి తీసేసే ప్రమాదం ఉంది.