గ్రావిటీలో పీహెచ్‌డీ తర్వాత: పరిశోధన సంస్థ మేలా, పాఠాలు చెప్పే ఉద్యోగం మేలా?

పీహెచ్‌డీ ఇంటర్వ్యూల కాలం వచ్చిందంటే విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, నాకు గ్రావిటీ ఇష్టం. చివరికి ఐయూకా, ఐసీటీఎస్ లాంటి చోట స్థిరపడాలా, ఐసర్ గానీ యూనివర్సిటీ గానీ అయినా ఫర్వాలేదా?" పుణేలోని ఐయూకా, బెంగళూరులోని ఐసీటీఎస్ పరిశోధన సంస్థలు; ఐసర్‌లు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతూ పరిశోధన కూడా చేసే కేంద్ర విద్యాసంస్థలు. పాఠం చెప్పడం ఒక మెట్టు కిందిదని వాళ్లకు ఎవరో నూరిపోశారని ఆ "అయినా ఫర్వాలేదా"లోనే తెలిసిపోతుంది. నేను రెండు వైపులా ఉన్నాను. నాలుగేళ్లు పాఠాల బాధ్యత లేని పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో) గడిపాను, ఆ తర్వాత పదకొండేళ్లుగా క్లాసులు చెబుతున్నాను.

పరిశోధన సంస్థలో రోజంతా మీదే. వారం వారం బయటి నుంచి ఎవరో వచ్చి సెమినార్ ఇస్తారు. మీ లెక్కలో తప్పు పట్టగలిగే మనిషి పక్క గదిలోనే ఉంటారు. కుర్రవయసులో ఈ తీరిక విలువ ఎంతో చెప్పడానికి సి.వి. విశ్వేశ్వర పని చాలు. బెంగళూరు నుంచి వెళ్లి మేరీల్యాండ్‌లో చార్లెస్ మిస్నర్ దగ్గర పీహెచ్‌డీ చేసిన ఆయన, కృష్ణబిలం మీదికి చిన్న గురుత్వ తరంగాన్ని (స్థలకాలంలో రేగే అలను) వదిలితే తిరిగి ఏం వస్తుందో లెక్కవేశారు. తరంగం వెడల్పుగా ఉన్నంతసేపూ విశేషమేమీ కనబడలేదు. దాన్ని కృష్ణబిలం పరిమాణానికి దగ్గరగా కుదించాక, కొట్టిన గంటలా మోగుతూ సన్నగిల్లిపోయే తరంగం బయటపడింది. అది 1970లో అచ్చయింది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని గురుత్వ తరంగాల పరిశీలనశాల లైగో పట్టుకున్న సంకేతం చివర్లో ఉన్నది ఆ రకం మోతే. మళ్లీ మళ్లీ మార్చి చూడాల్సిన అలాంటి లెక్కకు, పేపర్లు దిద్దే పని లేని రోజులు కావాలి. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయినా నా లెక్కలో తేల్చేది తీరిక కాదు. పని సాగని నెలలు ఎలా గడుస్తాయన్నదే ముఖ్యం. గ్రావిటీ సిద్ధాంతంలో ఇరుక్కుపోవడం మామూలు. పోస్ట్‌డాక్‌లో ఉండగా ఎనిమిది నెలలు ఒకే సమీకరణం దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే వచ్చి కూర్చునేవాణ్ని, సాయంత్రానికి కాగితాలు చెత్తబుట్టలోకి వెళ్లేవి. ఇవాళ ఏం చేశావని అడిగేవాళ్లు లేరు. ఆ స్వేచ్ఛే మెల్లగా టెన్షన్‌గా మారింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

పాఠాలు మొదలుపెట్టాక కూడా ఇరుక్కున్నాను, కానీ సోమవారం తొమ్మిదింటికి క్లాసు ఉండేది. తెగిపడే లిఫ్టులో మన బరువు మనకు తెలియదని చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "లిఫ్టు చాలా పెద్దదైతే, సార్?" అంది. పెద్దదైతే తెలిసిపోతుంది. ఒక మూల ఉన్న వస్తువూ మరో మూల ఉన్న వస్తువూ భూకేంద్రం వైపే పడుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అది బోర్డు మీద గీస్తుండగానే నా పొరపాటు తట్టింది. చిన్న ప్రాంతంలోనే చెల్లే ఉజ్జాయింపును నేను మొత్తం లెక్కకు వాడేశాను. ఆ వారమే పని కదిలింది. ప్రతిసారీ ఇలా జరగదు. జరగని వారాల్లో కూడా నలభై మందికి ఒక విషయం అర్థమైందన్న తృప్తితో ఇంటికి వెళ్తాను.

విశ్వేశ్వర కూడా తర్వాత బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియానికి తొలి డైరెక్టర్ అయ్యారు. డిగ్రీ పిల్లలకు వారాంతాల్లో ఫిజిక్స్ తరగతులు అక్కడే సాగాయి. ఆయన పరిశోధన మాత్రం మానలేదు.

పాఠాల వైపు కష్టాలు కూడా చెప్పాలి. సెమిస్టర్ చివర నెల రోజులు పరిశోధన ఊసే ఉండదు. నాక్ (కాలేజీలకు గ్రేడ్లిచ్చే సంస్థ) ఫైళ్లు, కమిటీలు సరేసరి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టుకు నోటిఫికేషన్ పడటమే అరుదు. అన్నిటికంటే పెద్దది ఒంటరితనం: మీ విభాగంలో గ్రావిటీ చేసేది మీరొక్కరే కావచ్చు. దీనికి మందు ఐయూకాలోనే ఉంది. జయంత్ నార్లీకర్ తొలి డైరెక్టర్‌గా 1988లో మొదలైన ఆ కేంద్రాన్ని యూజీసీ పెట్టిందే యూనివర్సిటీ వాళ్లకోసం. విజిటింగ్ అసోసియేట్‌గా ఎంపికైతే సెలవుల్లో పుణే వెళ్లి అక్కడి లైబ్రరీ, కంప్యూటర్లు, మనుషుల మధ్య పనిచేసుకోవచ్చు. డిగ్రీ కాలేజీ లెక్చరర్లకూ ఈ అవకాశం ఉంది. చాలామంది అడగనే అడగరు.

పూర్తిగా డిగ్రీ కాలేజీ ఉద్యోగమే అయితే పరిశోధనకు సమయం చాలా తక్కువ మిగులుతుంది.

ఒక్క సందర్భంలో నేను పరిశోధన సంస్థకే ఓటేస్తాను. మీ ఇష్టం గురుత్వ తరంగాల డేటా మీద అయితే, ముఖ్యంగా మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోతున్న పరిశీలనశాల లైగో-ఇండియా కోసం పనిచేయాలనుకుంటే, అది పెద్ద జట్టు పని. సంకేతం వచ్చినప్పుడు క్లాసు ఉందని ఆగమంటే కుదరదు.

కాగితం, పెన్ను, ఒక కంప్యూటర్‌తో సాగే సిద్ధాంతమైతే ఐసర్ లాంటి చోట నిశ్చింతగా చేరండి. ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు, మొదటి ఏడాది సెమిస్టర్‌కు ఎన్ని కోర్సులు ఇస్తారో అడగండి. ఒకటంటే ఒప్పుకోండి. మూడంటే ఇంకో చోటు చూసుకోండి.