నెలకి 60 వేలతో థాయ్‌లాండ్‌లో రాజాలా బతకొచ్చన్నారు: అమీర్‌పేట కన్సల్టెన్సీతో మా అనుభవం

రేటింగ్ ఐదుకి రెండు. ఆ రెండూ అక్కడ పనిచేసే ఒక అమ్మాయి పుణ్యమే.

నేను రిటైరై రెండేళ్లయింది, పెన్షన్ 61 వేలు. మా అమ్మాయి పెళ్లి అయిపోయింది కాబట్టి వనస్థలిపురం ఇల్లు అద్దెకిచ్చేసి బయటి దేశంలో ఎక్కడైనా నెమ్మదిగా ఉందామని సరదా పుట్టింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో వీళ్ల వీడియో కనబడింది, 'నెలకి 60 వేలతో చియాంగ్ మాయ్‌లో రాజాలా బతకండి' అని. కౌన్సెలింగ్ ఫీజు 5 వేలు, జీఎస్టీ వేరే. డబ్బు కట్టాకే లోపలికి పంపుతారు, అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

లోపల ఏసీ, కాఫీ, గోడ నిండా బీచ్ ఫొటోలు. చియాంగ్ మాయ్‌కి సముద్రమే లేదు, ఉత్తరాన కొండల మధ్య ఉంటుంది, ఇంటికొచ్చి మ్యాప్ చూస్తే తెలిసింది.

టై కట్టుకున్న కుర్రాడు లామినేట్ చేసిన షీటొకటి ముందు పెట్టి అద్దె, కరెంటు, కూరగాయలు, చివరికి మసాజ్‌తో సహా లెక్క చెప్పాడు. ఆ లెక్క తప్పని అనను, చూసుకుని ఖర్చు పెడితే అటూ ఇటూగా సరిపోవచ్చు కూడా. వీసాకి ఏం కావాలంటే "50 ఏళ్లు దాటాలి సార్, నెలకి 65 వేల ఆదాయం చూపిస్తే చాలు" అన్నాడు. పెన్షన్‌కి ఇంటి అద్దె కలిపితే దాటిపోతుందిగా అని నేను సంబరంగా కాగితం మీద కూడికలు వేస్తుంటే, పక్క టేబుల్ దగ్గర ఫైళ్లు సర్దుతున్న అమ్మాయి మెల్లగా "అంకుల్, అవి రూపాయలు కాదు, బాత్‌లు" అంది.

65 వేల బాత్ (థాయ్ కరెన్సీ) అంటే మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది. అంత పెన్షన్ ఉంటే నేను ఈ అమీర్‌పేట ఆఫీసులో ఎందుకు కూర్చుంటాను?

అది లేకపోతే 8 లక్షల బాత్ అక్కడి బ్యాంకులో వేయాలి, అంటే దాదాపు 20 లక్షల రూపాయల పైమాటే. ఏటా వీసా రెన్యువల్‌కి రెండు నెలల ముందు నుంచి ఆ డబ్బు ఖాతాలో ఉండాలి, తర్వాత మూడు నెలలు కదపకూడదు, మిగతా రోజుల్లో కూడా 4 లక్షల కిందికి దిగకూడదు. ఇది కాక 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి అడ్రసు తెలపాలి. ఇవన్నీ ఆ అమ్మాయే చెప్పింది. ఇక్కణ్ణుంచి పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటిన సొమ్ము మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటారని, రిటర్న్స్ వేస్తే సర్దుబాటు అవుతుందని, ఏప్రిల్‌తో ఆర్థిక సంవత్సరం మారుతుంది కాబట్టి మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపితే ఆ భారం చాలా తగ్గుతుందని కూడా చెప్పింది. నా 5 వేలకి దక్కిన సరుకు ఇదే.

మా ఆవిడ "ఈయనకి బీపీ, షుగర్. ఇన్సూరెన్స్ ఎంతవుతుంది బాబూ?" అంటే కుర్రాడు షీటు తిరగేసి చూసి, "అది వేరే ప్యాకేజీ ఆంటీ" అన్నాడు. ఆవిడకి ఆస్తమా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొలాలు, అడవులు తగలబడి ఊరంతా పొగ కమ్ముతుందన్న సంగతి మేమే ఎత్తితే, "ఆ మూడు నెలలు బీచ్‌కి వెళ్లిపోండి" అని సలహా. ఆ అద్దె ఏ షీట్లో ఉంది నాయనా?

పోనీ మలేషియా అన్నాడు. వాళ్ల దీర్ఘకాల వీసా పథకం ఎంఎం2హెచ్‌లో సిల్వర్ కేటగిరీకే లక్షన్నర డాలర్ల డిపాజిట్, పైగా 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి. ఆ మాట పూర్తి కాకముందే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది.

లేస్తూ లేస్తూ నేపాల్ సంగతేమిటని అడిగాను. 1950 ఒప్పందం వల్ల మనవాళ్లకి అక్కడ వీసా అక్కర్లేదు, మన 100కి వాళ్ల 160 అని రేటు కూడా స్థిరంగా ఉంటుంది. కుర్రాడు నవ్వేశాడు. "దానికి మా సర్వీస్ అవసరం లేదు సార్."

అక్టోబర్ నుంచి రెండు నెలలు నేపాల్‌లోని పోఖరాలో గది తీసుకుని చూద్దామనుకుంటున్నాం. ఫీజులో సగం వెనక్కి ఇస్తామన్నారు, మూడు వారాలయింది, ఫోన్ చేస్తే "అకౌంట్స్ సార్ లంచ్‌లో ఉన్నారు" అంటున్నారు.