దేవుడు పలకనప్పుడు: ‘సంస్కార’ మేలా, ‘సైలెన్స్’ మేలా?

విశ్వాసం, సందేహం మీద ఒక్క నవలే చదవాలంటే ఏది? నాకు వెంటనే రెండు గుర్తొస్తాయి. యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ 1965లో వచ్చింది. షుసాకు ఎండో జపనీస్ నవల ‘సైలెన్స్’ ఆ మరుసటి ఏడాది వచ్చింది. రెండింట్లోనూ నలుగురూ గౌరవించే ఒక ధర్మనిష్ఠాపరుడు దేవుణ్ణి దారి చూపమని అడుగుతాడు. జవాబు రాదు.

‘సంస్కార’ మనకి తేలిగ్గా అందుతుంది. అగ్రహారం, మడి, సూతకం అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆచారాలన్నీ కాలదన్నిన నారణప్ప చనిపోతాడు. దహనం ఎవరు చెయ్యాలో తేలదు, శవం లేచేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు. అగ్రహారంలో అందరూ గౌరవించే పండితుడు ప్రాణేశాచార్యుడు గ్రంథాలన్నీ తిరగేసి, ఇక దిక్కుతోచక మారుతి గుడికి వెళ్తాడు. దహనానికి ఒప్పుకుంటే కుడివైపు పువ్వు ప్రసాదించమని వేడుకుంటాడు. ఎంతసేపు కూర్చున్నా పువ్వు రాలదు. అదే రోజు చీకట్లో నారణప్ప ఉంపుడుగత్తె చంద్రితో అతని జీవితం తలకిందులవుతుంది. ఆ తర్వాత ఊళ్ళు పట్టి తిరగడం, జాతరలో పుట్ట అనేవాడు వెంటపడటం, సూతకంలో ఉండి గుడి భోజనాల పంక్తిలో దొంగలా కూర్చోవడం: ఇదంతా అతని తలలోంచే చూస్తాం. ఆ గుడి భోజనం చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది.

‘సైలెన్స్’లో పరీక్ష ఇంకా క్రూరం. క్రైస్తవాన్ని నిషేధించిన 17వ శతాబ్దపు జపాన్‌లో పోర్చుగీసు పాద్రి రోడ్రిగ్స్ పట్టుబడతాడు. ఓ రాత్రి చీకటి కొట్లో కాపలావాడి గురక వినబడి విసుక్కుంటాడు. అది గురక కాదు, గోతుల్లో తలకిందులుగా వేలాడుతున్న రైతుల మూలుగు. క్రీస్తు బొమ్మని అతను కాలితో తొక్కితేనే వాళ్ళని దింపుతారు.

నా ఓటు ‘సైలెన్స్’కే. ఆచార్యుడి మథనం చాలావరకు తన గురించే. రోడ్రిగ్స్ నిష్ఠకి మాత్రం వేరేవాళ్ళు ప్రాణాలతో వెల కడుతున్నారు. ప్రయోగపరంగానూ ఎండోదే పైచెయ్యి. కథ రోడ్రిగ్స్ ఉత్తరాలతో ‘నేను’గా నడిచి, ‘అతను’గా మారి, చివరికి అధికారి దినచర్య పుస్తకంలోకి జారుతుంది. అక్కడ అతని పేరు కూడా జపాన్ పేరే. అతని గుండెలో విశ్వాసం మిగిలిందో లేదో ఆ పొడి రాతల్లోంచి మనమే వెతుక్కోవాలి.

అయినా మొదట ‘సంస్కార’ చదవండి, అది చిన్నది కూడా. తర్వాత ‘సైలెన్స్’ పట్టుకుంటే ఆ దినచర్య ఉన్న చివరి అనుబంధాన్ని మాత్రం వదిలెయ్యకండి. చాలామంది అక్కడ పేజీలు తిప్పేస్తారు, రోడ్రిగ్స్‌ని పట్టించిన కిచిజిరో మెడలో దొరికిన బొమ్మ సంగతి ఉన్నది అక్కడే.